అమ్మమ్మ వినని సగం: ఫోర్ట్ వేన్‌లో చన్‌సిత్తా రాజు కథ

ఈ ప్రయాణానికి కారణం మా ఆరేళ్ళవాడి మొండితనం. 2011 వేసవిలో అమ్మ, అమ్మమ్మ కలిసి షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. అమ్మమ్మకి ఎనభై నిండాయి. మధ్యాహ్నం పూట మావాడికి అన్నం తినిపిస్తూ కథలు చెప్పేది. రామాయణం, భారతం అయిపోయాక ఒకరోజు నేనెప్పుడూ వినని కథ ఎత్తుకుంది. ఒక సేనాపతి ఉన్నాడట. అతని రాజుని శత్రువులు పట్టుకుపోతే, ఒక్కడే వాళ్ళ శిబిరంలోకి దూరి, రాజుని భుజాల మీద ఎక్కించుకుని పరుగెత్తాడట. సగం దారిలో రాజుకి అనుమానం పుట్టింది. "వీడికి నేనూ మా నాన్నా చేసిన అన్యాయం తక్కువా? నన్ను చంపడానికే తీసుకుపోతున్నాడు" అనుకుని, నన్నెత్తుకుపోతున్నాడు పట్టుకోండి అని గట్టిగా అరిచాడు. సేనాపతికి ఒళ్ళు మండిపోయింది. రాజుని అక్కడే కింద పడేసి, నదిలో దూకి ఈదుకుంటూ వెళ్ళిపోయాడు.

"తర్వాత?" అన్నాడు మావాడు.

"అంతేరా బాబూ. తరవాత నాకు తెల్దు."

వాడు ఒప్పుకోలేదు. ముద్ద నోట్లో పెట్టనివ్వలేదు. వారం రోజులు అదే పాట. "ఇదెక్కడి కథ అమ్మమ్మా?" అని అడిగితే "రంగంది" అంది. ఉత్తరాంధ్ర వాళ్ళు రంగూన్‌ని రంగం అంటారు. అమ్మమ్మ చిన్నప్పుడు అక్కడ ఉందని మాకు తెలుసు. తల్లి చిన్నతనంలోనే పోతే, వాళ్ళ నాన్న బియ్యం మిల్లులో మేస్త్రీగా పనిచేస్తూ కూతుర్ని కూడా తీసుకెళ్ళాడు. యుద్ధం వచ్చి బాంబులు పడ్డాక, పదకొండేళ్ళ వయసులో ఓడెక్కి తిరిగొచ్చేసింది. ఇంతకు మించి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కథ ఎవరు చెప్పారంటే "మా ఇంట్లో ఒకామె సెప్పీది" అంది. పనిమనిషి కాబోలు అనుకున్నాను.

మా ఆఫీసులో మీమీ అని బర్మా అమ్మాయి ఉంది. లంచ్‌లో ఈ సగం కథ చెప్తే, పూర్తి కాకముందే "అది చన్‌సిత్తా! మా దేశంలో ఆ కథ తెలియని పిల్లలు ఉండరు" అంది. పగాన్ అనే బర్మా రాజ్యాన్ని తొమ్మిది వందల ఏళ్ళ క్రితం ఏలిన రాజు. ఇంగ్లిష్‌లో క్యాన్ అని మొదలుపెట్టి రాస్తారు, పలికేది మాత్రం చన్ అనే. నేను గూగుల్ చేసి అమ్మమ్మకి చదివి వినిపిస్తానన్నాను. అమ్మమ్మ వద్దంది. "ఆ బాసలో ఇన్నాను. ఆ బాసలోనే ఇనాల." ఆ సంగతి చెప్తే మీమీ, ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో బర్మా నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయనీ, తనకు తెలిసిన ఒక జంట అక్కడి బౌద్ధ విహారానికి ప్రతి ఆదివారం వస్తారనీ చెప్పింది. భర్త ఇంట్లో పిల్లలతో మన భాష మాట్లాడతాడట. నంబర్ ఇచ్చింది.

అక్టోబర్‌లో ఒక ఆదివారం బయల్దేరాం. మోకాళ్ళ నొప్పులని అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆయన బాబుని సాకర్‌కి తీసుకెళ్ళాలి. అందుకని నేనూ అమ్మమ్మా ఇద్దరమే. ఉదయం ఆరింటికి ఇల్లు దాటి, 355 హైవే మీదుగా 80 ఎక్కి, ఇండియానాలోకి వచ్చాక 65 మీద కొంత దక్షిణానికి దిగి, అక్కడ 30 పట్టుకుంటే ఇక తిన్నగా ఫోర్ట్ వేనే. రమారమి మూడున్నర గంటలు. ఇల్లినాయ్ దాటేవరకూ టోల్ కొద్దిగా పడుతుంది, తర్వాత ఏమీ లేదు. ఒక ట్యాంకు గ్యాస్‌తో వెళ్ళి రావచ్చు. 30 మీద ఊళ్ళు వచ్చినప్పుడల్లా ట్రాఫిక్ లైట్లు ఆపుతాయి. రెండు పక్కలా మొక్కజొన్న కోతలు సగం అయ్యాయి, కోసిన చోట నేల బోసిగా ఉంది. ఇండియానా గడియారం మా షికాగో కంటే గంట ముందుంటుందన్న సంగతి నాకు సగం దారిలో, ఫోన్‌లో టైమ్ మారినప్పుడు తట్టింది. పదింటికి వస్తామని చెప్పాను. అంటే ఆలస్యం. ప్లిమత్ దగ్గర ఆగి ఫోన్ చేస్తే "మెల్లగా రండమ్మా, సన్నేసులు పదకొండింటికి గాని తినరు" అంది అవతలి గొంతు. ఆ గొంతు విని అమ్మమ్మ సీట్లో నిటారుగా కూర్చుంది. "ఎవులే ఆ పిల్లడు? మన కళింగపట్నం వోడిలాగ మాటాడతన్నాడు."

విహారం ఊరి చివర ఉంది. ఒకప్పటి మామూలు ఇల్లే. వెనకాల పెద్ద హాలు కట్టి, గుమ్మానికి బంగారు రంగు వేశారు. మేపుల్ చెట్ల కింద కార్లు, తలుపు దగ్గర చెప్పుల గుట్ట. బోర్డు మీద గుండ్రటి అక్షరాలు చూసి ఒక్క క్షణం తెలుగే అనుకున్నాను. లుంగీ మీద చలికోటు తొడుక్కున్న అరవై ఏళ్ళాయన ఎదురొచ్చాడు. పేరు సింహాచలం.

అమ్మమ్మ నమస్కారం కూడా పెట్టకుండా "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది.

"బర్మాలో మౌల్మేను పక్కనమ్మా. మా తాత కళింగపట్నం రేవులో ఓడెక్కినాడంట. నాను ఇండియా సూడనే నేదు."

"సూడకుండానే ఇంత బాగ మాటాడతన్నావా!"

"మా అమ్మ నేర్పింది. తెలుగు రాకపోతే అన్నం పెట్టీది కాదు."

ఆయన తాతల నాటి మాటలన్నీ అలాగే దాచుకున్నాడు. నాకు కొన్ని అర్థం కాలేదు. అమ్మమ్మకి అన్నీ అర్థమయ్యాయి. లోపలినుంచి ఆయన భార్య డా ఖిన్ వచ్చింది. డా అంటే మన గారు లాంటిది. ఆవిడ మోన్ జాతి మనిషి, బర్మాకు దక్షిణాన ఉండేవాళ్ళు. తెలుగు రాదు, ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు. డా ఖిన్ అమ్మమ్మ చేతులు రెండూ పట్టుకుని "థమిన్ సా పీ బీ లా?" అంది.

అమ్మమ్మ మెల్లగా, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, "మ సా దే బూ" అంది. డా ఖిన్ పకపకా నవ్వి ఆవిణ్ణి గుండెకి హత్తుకుంది.

"ఏమన్నావు?" అన్నాను.

"బోంచేసినావా అంది. ఇంకా నేదన్నాను."

"కార్‌లో పులిహోర తిన్నావు కదా!"

"ఆ బాసలో ఎవులైనా ఆ మాట అడిగి డెబ్బై ఏళ్ళయిందే. తిన్నానని ఎలగ సెప్తాను?"

పదకొండింటికి భిక్షువులకి భోజనం వడ్డించారు. మేం తీసుకెళ్ళిన అరటిపళ్ళు, ద్రాక్ష కూడా పెట్టారు. వాళ్ళు తిన్నాక మిగతా వాళ్ళకి వడ్డన. చేపల పులుసులో సన్నటి బియ్యపు సేమియా, పైన వేయించిన ఉల్లిపాయలు, కొత్తిమీర, నిమ్మకాయ. మొహింగా అంటారు. ఇక్కడ భోజనానికి ఎవరూ డబ్బు అడగరు. గుమ్మం దగ్గర పెట్టె ఉంటుంది, తోచినంత వేస్తే చాలు. అమ్మమ్మ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అరిటిదవ్వ తక్కువయింది" అంది. డా ఖిన్ ఒప్పుకుంది. ఈ దేశంలో మంచి అరటిదవ్వ ఎక్కడ దొరుకుతుంది అని వాపోయింది.

తర్వాత పక్కగదిలో చాప మీద కూర్చున్నాం. అమ్మమ్మకి కుర్చీ వేశారు. ఫ్లాస్కులోంచి చక్కెర లేని తేనీరు పోసి డా ఖిన్ కథ మొదలుపెట్టింది. బర్మీస్‌లో ఆవిడ చెప్పేది, తెలుగులో ఆయన చెప్పేవాడు, మధ్యలో ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు.

చన్‌సిత్తా అంటే మిగిలిపోయిన సైనికుడు అని అర్థమట. చిన్నతనంలో చావు తప్పించుకున్నాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ అంది. కాదు, యుద్ధంలో అందరూ పోగా మిగిలాడు కాబట్టి అని ఆయన అన్నాడు. అనోరథా అనే మహారాజు దగ్గర పనిచేశాడు. మన అనిరుద్ధుడే వాళ్ళ నోట్లో అనోరథా అయ్యాడు. ఆ మహారాజు మోన్ల నగరాన్ని గెలిచి పగాన్‌ని పెద్ద రాజ్యం చేశాడు. ఆయనకి పెళ్ళికూతురిగా పంపిన రాకుమార్తెని తీసుకురమ్మని చన్‌సిత్తాని పంపితే, దారిలో ఆ ఇద్దరికీ మనసు కలిసింది. రాజుకి తెలిసింది. చంపబోతే తప్పించుకుని అడవులు పట్టాడు. అనోరథా పోయాక కొడుకు సోలూ సింహాసనం ఎక్కి, ఇతని అవసరం పడి వెనక్కి పిలిచాడు. ఆ సోలూనే దక్షిణాది తిరుగుబాటుదారులు పట్టుకుపోయింది. భుజాల మీద ఎక్కించుకు తెచ్చింది ఆ రాజునే.

"అక్కడ దాకా నాకు తెలుసు" అంది అమ్మమ్మ. "తరవాత సెప్పమ్మా."

సోలూ శత్రువుల చేతిలో పోయాడు. చన్‌సిత్తా సైన్యం కూడగట్టుకుని వచ్చి వాళ్ళని తరిమేసి రాజయ్యాడు. ఇక్కడ డా ఖిన్ గొంతు మారింది. "ఆయన ఓడించింది మా వాళ్ళనే. కానీ రాజయ్యాక రాళ్ళ మీద చెక్కించిందంతా మా మోన్ భాషలోనే. తన ఇంటి భాషలో కాదు. ఓడినవాళ్ళ భాషలో" అంది. పగలూ ప్రతీకారాలూ వద్దనుకున్నాడు. కూతుర్ని, తనని అవమానించిన ఆ సోలూ కొడుక్కే ఇచ్చి పెళ్ళి చేశాడు. రెండు వంశాలూ కలవాలని. గుళ్ళు కట్టించాడు, పాతవి బాగు చేయించాడు. మనవడు పుడితే ఆ పసిగుడ్డుని సింహాసనం మీద కూర్చోబెట్టి, ఇక రాజ్యం వీడిదే, నేను కాపలా మాత్రమే అని అందరి ముందూ మాట ఇచ్చేశాడు.

"అప్పుడొచ్చింది తంబులా" అన్నాడు సింహాచలం గారు.

"ఎవరు అంకుల్?" అన్నాను.

"అడవిలో తిరిగినప్పుడు ఒక ముని దగ్గర ఉన్నాడమ్మా. ఆ ముని మేనకోడలు. పెళ్ళాడినాడు. రాజు నించి కబురొచ్చేసరికి ఆవిడ కడుపుతో ఉంది. తీసుకెళ్ళడానికి నేదు. సేతి ఉంగరం తీసిచ్చి, కూతురు పుడితే ఇది అమ్ముకుని పెంచుకో, కొడుకు పుడితే ఉంగరం, బిడ్డ రెండూ నా దగ్గిరికి తీసుకురా అన్నాడు. ఏడేళ్ళ కొడుకుని పట్టుకుని ఆవిడ వచ్చింది."

అమ్మమ్మ తేనీటి కప్పు కింద పెట్టింది. డా ఖిన్ వైపు తిరిగి బర్మీస్‌లో ఏదో అంది. ఆ ముక్క మళ్ళీ చెప్పమందని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి మెల్లగా. ఉంగరం అనే మాట దగ్గర అమ్మమ్మ తల ఊపింది. తర్వాత చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ ముక్క నాకెప్పుడూ సెప్పలేదు" అంది. "మా అయ్యకి సెప్పీది."

"ఎవరు అమ్మమ్మా? ఆ పనామె?"

"పనామె కాదే. మా అయ్య పెళ్ళాం. మా టిన్ అని పేరు. నాను మేమే అని పిలిచీదాన్ని. మేమే అంటే అమ్మ. నాకు జడేసీది, మొహానికి సెట్టుబెరడు అరగదీసి రాసీది, పక్కలో పడుకోబెట్టుకుని కతలు సెప్పీది. మేము ఓడెక్కినప్పుడు ఆవిడ కడుపుతో ఉంది. ఆ ఆకరి రోజుల్లో మా అయ్య బోజనానికి కూకుంటే వడ్డిస్తా వడ్డిస్తా ఈ రాజు కత ఎత్తీది. నాకు తెలిసిందే కదా అని ఇనీదాన్ని కాదు. ఉంగరం అన్న మాట మట్టుకు సెవిని పడీది. ఒకసారి కంచంలో అన్నం అలగే వదిలీసి మా అయ్య లెగిసి బయటికి ఎలిపోనాడు. ఎందుకు లెగిసాడో ఇప్పుడు తెలిసింది."

హాలులో పిల్లలు చాపలు చుడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"యుద్దం అవగానే వస్తానన్నాడు. రేవు దాకా వచ్చింది ఆవిడ. నా సెయ్యి వదల్లేదు. మా అయ్యే ఇడదీసినాడు. ఊరొచ్చిన రెండేళ్ళకి మళ్ళీ పెళ్ళి సేసుకున్నాడు. ఆవిడ మాట ఎత్తితే కొట్టీవాడు. ఎత్తడం మానీసినాను." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ రాజు ఉంగరమైనా ఇచ్చినాడు. మా అయ్య అది కూడా ఇవ్వనేదు."

నేను అమ్మమ్మ మోకాలి మీద చెయ్యి వేశాను. మా ముత్తాత ఫోటో నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. తలపాగా, కోటు, గుబురు మీసం. ఆ ఫోటోలో ఆయన ఎవరినీ వదిలేసినవాడిలా ఉండడు.

డా ఖిన్ వివరాలు అడిగింది. ఏ వీధి, ఏ మిల్లు, ఆవిడ పుట్టిల్లెక్కడ? అమ్మమ్మకి గుర్తున్నది నది, మిల్లు కూత, ఇంటి ముందు చెక్క మెట్లు. సింహాచలం గారు ఆశ పెట్టలేదు. "బర్మాలో ఇంటిపేర్లుండవమ్మా. మా టిన్ అంటే మన అప్పలమ్మ లాగ, ఈదికి నలుగురుంటారు. నాను ఎతుకుతానని మీకు అబద్దం సెప్పలేను."

"ఎతకమన్లేదు బాబూ. ఆవిడుంటే నూరేళ్ళు దాటుంటాయి. ఆ బిడ్డకే నా కంటే పదకొండేళ్ళు తక్కువ. కొడుకో కూతురో కూడా తెల్దు." కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "తరవాత ఏటయింది? ఆ గుంటడికి రాజ్యం ఇచ్చినాడా?" అంది.

ఇవ్వలేదు. మనవడికి మాట ఇచ్చేశాడు కదా. చన్‌సిత్తా తంబులాని సభలోకి పిలిపించాడు, ఉంగరం చూశాడు, భార్యగా ఒప్పుకుని రాణి పట్టం కట్టాడు. కొడుక్కి యాజకుమార్ అని పేరు. బర్మా నోట్లో మన ర కాస్తా య అవుతుంది, రాజకుమారుడన్నమాట. ఊళ్ళిచ్చాడు, బిరుదులిచ్చాడు. సింహాసనం మాత్రం ఇవ్వలేదు. ఇక్కడ మొగుడూ పెళ్ళాలకి పెద్ద వాదం. కన్నకొడుకు ఎదురుగా నిలబడితే మనవడికిచ్చిన మాటేమిటి, అన్యాయం అని ఆయన. ఇచ్చిన మాట తప్పితే మళ్ళీ రెండు వంశాలూ కత్తులు దూసుకునేవి, రాజు అన్నాక అది కూడా చూసుకోవాలని ఆవిడ. ఆవిడ ఇంగ్లిష్‌లో నన్ను కూడా లాగింది. "యూ టెల్ హిమ్" అంది. నేను అమ్మమ్మ వైపు చూశాను.

అమ్మమ్మే చెప్పింది. "రాజ్యం మాట అలగుంచండి. అందరి ముందూ, ఇది నా పెళ్ళాం, ఈడు నా కొడుకు అన్నాడు కదా. అది సాల్దా?"

సింహాచలం గారు ఆ మాటని భార్యకి చెప్పాడు. ఆవిడ అమ్మమ్మ కప్పులో మళ్ళీ తేనీరు పోసింది.

మిగిలింది కొద్దిగానే. ఇరవై ఎనిమిదేళ్ళు ఏలాక రాజు మంచాన పడ్డాడు. చనిపోయేలా ఉన్నాడని తెలిసి యాజకుమార్ బంగారంతో బుద్ధుడి ప్రతిమ చేయించి తెచ్చాడు. నాన్నా, మీ కోసం చేయించాను, మీరు నాకిచ్చిన ఊళ్ళు ఈ బుద్ధుడికే ఇచ్చేస్తున్నాను, ఒప్పుకోండి అన్నాడు. రాజు సంతోషపడి, సాధు సాధు అని, ఆ దానానికి సాక్షిగా నీళ్ళు వదిలాడు. ఆ కొడుకు ఒక గుడి కట్టించి, ఈ సంగతంతా రాతిస్తంభం మీద నాలుగు వైపులా నాలుగు భాషల్లో చెక్కించాడు. ప్యూ, మోన్, పాళీ, బర్మీస్. ప్యూ భాష మాట్లాడేవాళ్ళు తర్వాత అంతరించిపోయారు. ఆ రాయి ఉండబట్టే పండితులు ఆ భాషని కొంతైనా చదవగలిగారట.

అలా నీళ్ళు వదలడం ఇప్పటికీ ఉంది. దానం చేశాక చిన్న చెంబులోంచి గిన్నెలోకి నీళ్ళు బొట్టుబొట్టుగా వదులుతూ, ఆ పుణ్యాన్ని ఇంకొకరికి పంచుతారు. ఆ రోజు భిక్షువులకి మేమూ పళ్ళు పెట్టాం కాబట్టి, మా టిన్ పేరు మీద చేయిస్తారా అని డా ఖిన్ అడిగింది. అమ్మమ్మ నా వైపు చూసింది. మనకి ఇది ఆచారం కాదేమో, చేయొచ్చా అన్నట్టు. నేను తల ఊపాను.

పెద్ద భిక్షువు చాలా ముసలాయన. అమ్మమ్మ ఆయన ముందు నేల మీద కూర్చుంది, నేను పట్టుకోబోతే వద్దని తోసేసింది. ఎవరి కోసం అని ఆయన అడిగాడు. "మా టిన్" అంది. ఆ పేరు హాల్లో స్పష్టంగా వినిపించింది. ఇంకెవరైనా ఉన్నారా అన్నాడు. అమ్మమ్మ సింహాచలం గారి వైపు తిరిగి "పేరు తెలీని బిడ్డ ఉందని సెప్పు. బతికే ఉందేమో కూడాను" అంది. ఆయన చెప్పాడు. భిక్షువు అమ్మమ్మ మొహంలోకి చూస్తూ నాలుగు మాటలు అన్నాడు. "పేరు తెలియకపోయినా సెందుతాది, బతికున్నా సెందుతాది అంటన్నారమ్మా" అన్నాడు సింహాచలం గారు. అమ్మమ్మ చెంబు వంచింది. నీళ్ళు కొన్ని చాప మీద పడ్డాయి. మంత్రాలు అయ్యాక ఆ గిన్నె తీసుకెళ్ళి బయట మేపుల్ చెట్టు మొదట్లో తనే పోసింది. భూమిని సాక్షిగా పెట్టినట్టు అన్నమాట.

రెండున్నరకి బయల్దేరాం. డా ఖిన్ డబ్బాలో మొహింగా కట్టి ఇచ్చింది. సింహాచలం గారు కారు తలుపు పట్టుకుని "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగితే, అమ్మమ్మ "మళ్ళీ రాలేన్లే బాబూ, నువ్వు మాత్రం మీ పిల్లలకి తెలుగు మాన్పించకు" అంది. పడమటికి ప్రయాణం, ఎండ సూటిగా కళ్ళలోకి కొడుతోంది. అమ్మమ్మ దారంతా మాట్లాడింది. చెక్క మెట్ల మీద కూర్చుని మేమే సన్నటి పొగాకు చుట్ట కాల్చేదని, తనకి తెలుగు పాట ఒకటి నేర్పితే నోరు తిరక్క నవ్వేదని, రేవులో గులాబీ రంగు లుంగీ కట్టుకుని వచ్చిందని. నాకు అడగాలనిపించినవి చాలా ఉన్నాయి. కానీ 30 మీద ట్రక్కుల మధ్య రోడ్డు మీద నుంచి కళ్ళు తీయలేకపోయాను.

ఇంటికి రాగానే అమ్మమ్మ చెప్పులు విప్పకముందే అమ్మని పిలిచి సోఫాలో కూర్చోబెట్టి అంతా చెప్పింది. అమ్మ విని విని, "ఇన్నాళ్ళూ ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది. "మీ తాత ఉన్నన్నాళ్ళూ బయం. పోయాక, పోయినోడి మీద ఏటి సెప్తాం అనుకున్నాను" అంది అమ్మమ్మ. అమ్మ లేచి వెళ్ళి డబ్బాలోని మొహింగా వేడి చేసి తెచ్చింది. చేపల పులుసు వాసనకి మామూలుగా ఆమడ దూరం పారిపోయే మనిషి, ఆ రోజు వాళ్ళమ్మతో పాటు గిన్నెడు తిన్నది.

డిసెంబర్‌లో అమ్మమ్మ విశాఖపట్నం తిరిగి వెళ్ళి, తమ్ముడు రామ్మూర్తి తాతయ్యకి కూడా చెప్పింది. ఈయన మా ముత్తాతకి ఆ తర్వాతి పెళ్ళిలో పుట్టినవాడు. తండ్రంటే దేవుడు. ముసలితనంలో మతి పోయిందా అక్కా, నాన్న పరువు తీస్తావా అని అరిచి వెళ్ళిపోయాడట. నెలల తరబడి ఫోన్ లేదు. తప్పు చేశానా పాపా అని అమ్మమ్మ ఒకటి రెండుసార్లు నన్నడిగింది. లేదన్నాను గానీ నాకూ అంత ధైర్యం లేదు. మరుసటి ఏడు మహాలయంలో రామ్మూర్తి తాతయ్య తర్పణాలకి కూర్చున్నాడు. పురోహితుడు వరసగా పేర్లు అడుగుతూ సవతి తల్లి దగ్గరికి వచ్చాడు. ఏటా అక్కడ ఒక్క పేరే చెప్పేవాడు, మా అమ్మమ్మ కన్నతల్లి పేరు. ఆ ఏడు పురోహితుణ్ణి ఒక్క నిమిషం ఆగమని, తడిచేత్తోనే ఫోన్ తీసుకుని అక్కకి చేశాడు.

"అక్కా, ఆవిడ పేరు ఏటన్నావు? సరిగ్గా సెప్పు" అన్నాడట.

బర్మా వెళ్ళొచ్చినవాళ్ళ కథలు మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో చాలా ఉన్నాయి. ఓడల గురించి చెప్తారు, అడవుల్లో నడిచి వచ్చిన వాళ్ళ గురించి చెప్తారు, పోగొట్టుకున్న బంగారం గురించి చెప్తారు. అక్కడ ఉండిపోయిన భార్యల గురించి, పిల్లల గురించి నేను ఎవరింట్లోనూ వినలేదు. చన్‌సిత్తా మంచివాడో కాదో నాకు తెలియదు. కొడుక్కి రాజ్యం ఇవ్వనివాడు, కూతురైతే రావద్దన్నవాడు. కూతురు పుట్టి ఉంటే తంబులా ఆ ఉంగరం అమ్ముకుని అడవిలోనే ఉండిపోయేది, ఆమె గురించి ఏ రాయీ చెప్పేది కాదు. మా టిన్‌కి పుట్టింది ఎవరో మాకు ఎప్పటికీ తెలియదు. ఆ ఉత్తరార్ధం తెలియకుండానే అమ్మమ్మ డెబ్బై ఏళ్ళు ఆ సగం కథనే మోసింది, మాకందరికీ అన్నం పెడుతూ. ఇప్పుడు నేను మా పెద్దవాళ్ళు చెప్పే ఏ కథ విన్నా, ఇది మీకు ఎవరు చెప్పారు అని అడుగుతున్నాను.

మీరూ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకుని ఫోర్ట్ వేన్ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. మ్యాప్‌లో వెళ్ళిరావడానికి ఏడు గంటలే చూపిస్తుంది, ఒక్కరోజులో అయిపోతుంది అనిపిస్తుంది. అలా చేయకండి. ఊరి చివర హైవే పక్కన మోటెల్ గదులు చవకగానే దొరుకుతాయి, ముందే ఒకటి బుక్ చేసుకోండి. సాయంత్రం స్టీరింగ్ వదిలేసి, వాళ్ళకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి.